హజ్రత్ అమ్జద్ హైదరాబాదీ – మూసీ వరదలో మునగని ఈమాన్



మన సొసైటీ సావనీరులో ఒక మహనీయుని జీవితం రాసే పని ప్రతి ఏడూ మా నెత్తిన పడుతుంటుంది. ఉర్దూ మీడియం పంతులం గనుక మాకు పుస్తకాలు తెలుసునని పెద్దల నమ్మకం. ఫలానా ఊళ్ళో పుట్టారు, ఫలానా చోట చదివారు, ఈ బిరుదులు పొందారు, ఫలానా సంవత్సరంలో కన్నుమూశారు అని రాస్తే రెండు పేజీలు నిండుతాయి. ఈసారి అట్ల రాయబుద్ధి కాలేదు. దానికి ఒక పిల్లవాడు కారణం.

కరీంనగర్ జిల్లాలో మేము పనిచేసే బడిలో ఏడో తరగతి చదువుతున్న ఆ అబ్బాయి తండ్రి బతుకుదెరువు కోసం గల్ఫ్ దేశానికి పోయి, అక్కడే నిద్రలో గుండె ఆగి చనిపోయాడు. పెట్టె ఊరికి చేరేసరికి చాలా రోజులు పట్టింది. మట్టి కార్యక్రమం అయినంక వారం రోజులకు పిల్లవాడు బడికి వచ్చాడు. ఇంటర్వెల్‌లో మా కుర్చీ పక్కన నిలబడి, అల్లా అందరినీ కనిపెట్టుకొని ఉంటాడని మీరే చెప్పినారు గదా సార్, మరి మా అబ్బాను ఎందుకు కనిపెట్టుకోలేదు అని అడిగాడు. మేము ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇది అల్లా పెట్టిన పరీక్ష బేటా, సబర్ చెయ్యి అని చెప్పి పంపించినాము. వాడు తల ఊపి పోయాడు. ఆనాటి నుంచి ఆ పిల్లవాడు క్లాసులో ఏ ప్రశ్నా అడగలేదు. లెక్కల్లో అడగలేదు, ఉర్దూలో అడగలేదు. మేము చెప్పిన జవాబు వాడి నోరు మూసింది గాని మనసుకు అందలేదని మాకు మెల్లగా అర్థమైంది.

అప్పుడు మాకు గుర్తుకొచ్చిన వారు హజ్రత్ అమ్జద్ హైదరాబాదీ. ఉర్దూలో రుబాయీ అనగానే నోటికి వచ్చే పేరు వారిది. వారి రుబాయీలను ఎన్నోసార్లు బోర్డు మీద రాసి, అర్థం చెప్పి, పరీక్షకు ముఖ్యమని గీత కూడా గీసినాము. ఆ నాలుగు పాదాల వెనక ఎంత నీళ్ళు పారినాయో మాత్రం పిల్లలకు ఏనాడూ చెప్పలేదు.

వారి అసలు పేరు సయ్యద్ అహ్మద్ హుసేన్. అమ్జద్ అనేది కవిత్వంలో పెట్టుకున్న తఖల్లుస్. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో హైదరాబాదు నగరంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. ఇంట్లో ఆస్తి లేదు, అండగా నిలిచే బలగమూ లేదు. ఆ తల్లి ఒక్కతే కష్టపడి కొడుకును పెంచింది, చదువుకు పంపింది. మన ఊళ్ళల్లో ఇట్లాంటి తల్లులను రోజూ చూస్తున్నాము. బీడీలు చుట్టి, బట్టలు కుట్టి పిల్లలను బడికి పంపే తల్లులు మన సొసైటీ స్కాలర్‌షిప్ దరఖాస్తులు పట్టుకొని వరుసలో నిలబడుతుంటారు. అమ్జద్ గారి అమ్మ కూడా ఆ కోవకు చెందిన తల్లే.

అమ్జద్ గారు జామియా నిజామియాలో చదివారు. అరబ్బీ, ఫార్సీ బాగా వంటబట్టాయి. పంజాబ్ విశ్వవిద్యాలయం మున్షీ ఫాజిల్ పరీక్ష కూడా పాసయ్యారు. కొంతకాలం దారుల్ ఉలూమ్‌లో పిల్లలకు పాఠాలు చెప్పారు. అంటే వారు కూడా మాలాగా ఒక పంతులే. పెళ్ళి అయ్యింది, ఒక కూతురు పుట్టింది. తల్లి, భార్య, చిన్నారి బిడ్డ, ఇదే వారి ప్రపంచం. తండ్రి నీడ ఎరుగని మనిషికి ఇల్లు అనేది ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర లేదు.

ఇంతలో 1908 సెప్టెంబరు వచ్చింది. హిజ్రీ లెక్కన 1326, రంజాన్ నెల అప్పుడే మొదలైంది. జనం మొదటి రోజాల్లో ఉన్నారు. మూసీ నది పైన ఉన్న ప్రాంతంలో ఎన్నడూ లేనంత వాన పడింది. ఒక్క శంషాబాదులోనే 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసినట్టు లెక్క ఉంది. సెప్టెంబరు 28 నాడు నది కట్టలు దాటి నగరం మీద పడింది. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన తెగిపోయాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ ఒక్కటి నిలబడింది. నది పక్క మొహల్లాలు గోడలతో సహా కొట్టుకుపోయాయి. చచ్చిపోయిన వారు సుమారు 15,000 మంది అని అంచనా. అందులో నమాజు చదివేవారు ఉన్నారు, పూజ చేసేవారు ఉన్నారు, ఏమీ తెలియని పసిపిల్లలు ఉన్నారు. నీటికి ఆ తేడాలు లేవు.

ఆ నీళ్ళల్లో అమ్జద్ గారి తల్లి, భార్య, కూతురు ముగ్గురూ పోయారు. వారి కండ్ల ముందరే పోయారు. వారొక్కరే బతికి బయటపడ్డారు.

అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. ఆ వరదనాడు సుమారు 150 మంది ఆ చెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. సెప్టెంబరు 28 వచ్చినప్పుడు కొందరు ఆ చెట్టు కింద చేరి ఆనాటి వారిని తలచుకుంటారు. హైదరాబాదుకు పోయినప్పుడు మేము ఆ చెట్టును చూసినాము. చెట్టు కింద నిలబడితే మొదట మనసు చల్లబడుతుంది, అల్లా ఎంత దయగలవాడు అనిపిస్తుంది. ఆ వెంటనే ఇంకో మాట తట్టి కాళ్ళు వణుకుతాయి. అదే నది, అదే రోజు. ఈ 150 మందికి చెట్టు కొమ్మ అందింది, అమ్జద్ గారి బిడ్డకు ఏమీ అందలేదు. చెట్టును దయ అన్నప్పుడు నీళ్ళను ఏమనాలె? మా బడి పిల్లవాడు అడిగింది సరిగ్గా ఇదే.

ఇట్లాంటి చోట మనవాళ్ళు చెప్పే జవాబులు కొన్ని ఉన్నాయి. అమ్జద్ గారి జీవితం పక్కన పెట్టి ఒక్కొక్కటే చూద్దాము.

మొదటిది, ఇది పాపాలకు శిక్ష అనడం. వరద వచ్చినా, కరువు వచ్చినా, 2020లో కరోనా వచ్చినా ఈ మాట చెప్పేవారికి కొదువ లేదు. రంజాన్ మొదటి రోజాల్లో, అనాథ పిల్లవాణ్ణి మనిషిని చేసిన ఆ తల్లి ఏ పాపం చేసిందని శిక్ష? ఇంకా లోకం తెలియని ఆ బిడ్డ ఏం చేసింది? మన ప్రవక్త (స) జీవితంలో ఒక సంఘటన ఇక్కడ తలచుకోవాలె. వారి చిన్న కొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణానికే సూర్యుడు చీకటైనాడని జనం అనుకోసాగారు. అది తన ఇంటి గౌరవం పెంచే మాటే అయినా ప్రవక్త (స) ఒప్పుకోలేదు. ఎవరి చావు కోసమూ, ఎవరి పుట్టుక కోసమూ గ్రహణాలు పట్టవని తేల్చి చెప్పారు. సొంత బిడ్డ విషయంలోనే వారు ఆకాశంలో ఆ అర్థం వెతకనప్పుడు, పక్కింటి వారి కష్టంలో అల్లా కోపాన్ని వెతికే హక్కు మనకు ఎవరిచ్చారు?

రెండవది, ఇది పరీక్ష అనడం. మేము ఆ పిల్లవాడికి చెప్పింది ఇదే. అల్లా తన దాసులను పరీక్షిస్తాడన్నది మన నమ్మకం, దానిని మేము కాదనము. హజ్రత్ అయ్యూబ్ (అ) గారి కథ చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళమే. అయితే పంతులుగా ఒక మాట చెప్తాము. పరీక్ష రాసేవాడికి పరీక్ష. మరి ప్రశ్నపత్రం సంగతి ఏమిటి? తండ్రి ఓర్పును చూడడానికి కూతురు మునిగిపోవాలె అంటే, ఆ బిడ్డ తండ్రి చేతిలో పెట్టిన ఒక కాగితం ముక్క అయిపోతుంది. ఆ బిడ్డకూ ఒక ప్రాణం ఉంది, ఆమె కూడా అల్లా దాసురాలే. అందుకని పరీక్ష అనే మాట కష్టపడే మనిషి తనకు తాను చెప్పుకుంటే బలాన్నిస్తుంది. బయటివాడు, కడుపు నిండినవాడు వచ్చి చెప్తే అది రాయి విసిరినట్టు తగులుతుంది.

మూడవది, ఇదంతా మనిషి చేసుకున్నదే అనడం. దీంట్లో కొంత నిజం లేకపోలేదు. వరద తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని ప్రభుత్వం పిలిపించింది. వారు చూస్తే, మూసీకి నీరు చేరే ప్రాంతంలో 788 చెరువులు ఉండగా అందులో 221 చెరువులు తెగిపోయినట్టు తేలింది. ఒకటి తెగి కింద ఉన్నదాని మీద పడింది, అది తెగి ఇంకోదాని మీద పడింది. వాన ఆకాశం నుంచి వచ్చినా నగరం మీద పడ్డది చెరువుల నీళ్ళు కూడా. వారి సలహా మీద నగరానికి పైన రెండు పెద్ద జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. చేయదగిన పని ఉండగా చేయకుండా కూచొని అల్లా మీద భారం వేయడం సబర్ అనిపించుకోదు. అయినా ఆ కట్టలు తరువాత పుట్టిన బిడ్డలను కాపాడినాయి గాని 1908 నాటి బిడ్డను వెనక్కి తేలేదు. అంత వాన ఆ రెండు రోజుల్లోనే ఎందుకు పడాలె అన్న ప్రశ్న అట్లనే మిగిలింది.

సరే, మరి అమ్జద్ గారు ఏ జవాబు చెప్పుకున్నారు? మాకు తెలిసినంతలో వారు ప్రశ్నను కట్టిపెట్టే జవాబు ఏదీ ఇవ్వలేదు. వారు చేసిన పనులు మాత్రం మన ముందున్నాయి.

అన్నిటికన్నా ముందు వారు ఏడ్చారు. దుఃఖాన్ని దాచిపెట్టి గొప్ప భక్తుడిలా కనిపించాలని చూడలేదు. ఆ వరద మీద వారు రాసిన కవిత పేరు ఖయామతె సుగ్రా, అంటే చిన్న ప్రళయం. ఉర్దూ తెలిసినవాడు దానిని పొడి కండ్లతో చదవలేడు. ఏడిస్తే ఈమాన్ తక్కువైనట్టు అని మనలో కొందరు ఆడవాళ్ళను గద్దిస్తుంటారు. హజ్రత్ యాఖూబ్ (అ) కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కండ్లు పోగొట్టుకున్నారు, అయినా ప్రవక్తే. మన ప్రవక్త (స) కూడా ఇబ్రాహీం కోసం కన్నీరు పెట్టుకున్నారు. ఏడ్పు అల్లా మీద ఫిర్యాదు గాదు. ఒకవేళ ఫిర్యాదే అయినా, అది ఆయన దగ్గరికే పోతున్నది గదా.

తరువాత వారు బతికారు. ఇది చిన్న సంగతి అనుకోవద్దు. ప్రభుత్వంలో సదర్ ముహాసిబీ, అంటే అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ఉద్యోగం చేసి, రిటైరయ్యేదాకా లెక్కలు చూశారు. మళ్ళీ పెళ్ళి చేసుకొని ఇల్లు నిలబెట్టుకున్నారు. హజ్ యాత్ర చేసి వచ్చి హజ్జె అమ్జద్ అనే పుస్తకం రాశారు. షేక్ సాదీ గులిస్తాన్‌ను గులిస్తానె అమ్జద్ పేరుతో ఉర్దూలోకి తెచ్చారు. రియాజె అమ్జద్, రుబాయియాతె అమ్జద్ వెలువడ్డాయి. సాహిత్య లోకం వారిని హకీముష్షుఅరా అని పిలిచింది, కవులలో జ్ఞాని అని దాని అర్థం. రాజ్యం లెక్కలన్నీ సరిచూసిన మనిషికి సొంత ఇంటి లెక్క మటుకు ఏనాడూ తేలి ఉండదు. తేలని లెక్క పెట్టుకొని కూడా రోజూ ఆఫీసుకు పోయి, అయిదు పూటలా సజ్దా చేసి బతకవచ్చునని వారి జీవితం చూపిస్తుంది.

రుబాయీ గురించి ఉర్దూ రాని పాఠకులకు రెండు మాటలు. రుబాయీలో నాలుగే పాదాలు ఉంటాయి. సాధారణంగా మొదటి, రెండవ, నాలుగవ పాదాలకు ప్రాస కలుస్తుంది, మూడవది విడిగా నిలబడుతుంది. వేమన పద్యంలాగా చిన్నది, వేమన పద్యంలాగానే చివరి పాదంలో చురుక్కుమనిపిస్తుంది. ఉమర్ ఖయ్యాం పేరు లోకానికి తెలిసింది ఈ రుబాయీలతోనే. ఖయ్యాం తన సందేహాన్ని రుబాయీలో పెట్టాడని చెప్తారు. అమ్జద్ గారు తన దీనత్వాన్ని పెట్టారు. మనిషి ఎంత చిన్నవాడో, ఎంత అవసరం గలవాడో, చేయి చాపితే ఇచ్చేవాడు ఒక్కడే అని మళ్ళీ మళ్ళీ చెప్పారు. వరద తరువాత యాభై ఏండ్లకు పైగా బతికి 1961లో హైదరాబాదులోనే కన్నుమూశారు. అంత దెబ్బ తిన్న మనిషి అల్లాను విడిచిపెడితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. వారు విడవలేదు. అట్లని అంతా నాకు అర్థమైంది అని గొప్ప కూడా చెప్పుకోలేదు. అర్థం కాని చోట కూడా ఒకరి చేయి పట్టుకొని నడవవచ్చు. చీకట్లో తండ్రి చేయి పట్టుకున్న పిల్లవాడికి దారి తెలియదు, చేయి తెలుసు. ఈమాన్ అంటే మాకు తోచిన అర్థం ఇదే.

ఇదంతా పాత నగరం కథ, మనకెందుకు అని ఎవరన్నా అనవచ్చు. మన దగ్గర కూడా నీళ్ళున్నాయి. ఆదిలాబాదు జిల్లా కడెం ప్రాజెక్టు మీదుగా 1958లో వరద పొర్లి కట్ట దెబ్బతిన్న సంగతి పెద్దలకు తెలుసు. మళ్ళీ 2022 జూలైలో, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉన్న అదే కడెంకు, గేట్లు వదలగలిగిన సుమారు 3 లక్షల క్యూసెక్కులను దాటి 5 లక్షల పైచిలుకు వరద వచ్చింది. రాత్రికి రాత్రి కింది ఊళ్ళ జనాన్ని తరలించారు. కట్ట నిలిచింది, జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆ వార్తలు చూసిన రాత్రి మాకు అమ్జద్ గారి ఇల్లు గుర్తుకొచ్చింది. కట్ట ఆగినందుకు షుక్ర్ చేసినాము. ఆగకపోయి ఉంటే మేము ఏమనేవాళ్ళమో మాకు తెలియదు.

మరి కష్టంలో ఉన్నవారి దగ్గరికి పోయినప్పుడు ఏం చెయ్యాలె? ప్రవక్త (స) ఒక దారి చూపి పోయారు. జాఫర్ (ర) యుద్ధంలో చనిపోయిన వార్త వచ్చినప్పుడు, ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు, వారికి అన్నం వండి పంపండి అని చెప్పారు. ఎందుకు పోయాడో వివరించమని చెప్పలేదు, అన్నం పంపమన్నారు. మన మొహల్లాల్లో మయ్యత్ అయిన ఇంట్లో పొయ్యి వెలిగించనీయకుండా ఇరుగుపొరుగువారు తలా ఒక గిన్నె తెచ్చే ఆచారం దాంట్లో నుంచి వచ్చిందే. 1908లో కూడా నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారు వరద బాధితులకు వంటశాలలు తెరిపించారు. అల్లా దయ ఎక్కడున్నది అని అడిగేవాడికి వేలు పెట్టి చూపడానికి ఆ వేడి గిన్నె కన్నా మంచి జాగా మాకు కనపడదు. దయగల దేవుడు ఉండగా బాధ ఎందుకున్నది అన్న ప్రశ్నకు ఆ గిన్నె జవాబు కాదు. జవాబు దొరికేదాకా మనిషి బతికి ఉండడానికి అది కావాలె.

చివరికి మా బడి పిల్లవాడి దగ్గరికి వస్తాము. కొన్ని నెలల తరువాత వాడిని పక్కన కూచోబెట్టుకొని, ఆనాడు నేను చెప్పిన జవాబు తొందరపాటుది బేటా, నువ్వడిగిన ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు అని చెప్పినాము. అమ్జద్ గారి కథ మొత్తం చెప్పినాము. తల్లి, భార్య, బిడ్డ పోయిన తరువాత కూడా వారు అల్లాతో మాట్లాడడం మానలేదని చెప్పినాము. నువ్వు కూడా అడుగు, ఏడుస్తూ అడిగినా ఫరవాలేదు, కోపంతో అడిగినా ఆయన వింటాడు అన్నాము. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. పోయేటప్పుడు, అమ్జద్ సాబ్ బిడ్డ పేరేంది సార్ అని అడిగాడు. ఇన్నేండ్లు రుబాయీలు చెప్పిన మాకు ఆ బిడ్డ పేరు అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు. సిగ్గుపడినాము. అయినా వాడు మళ్ళీ ప్రశ్న అడిగినందుకు ఆ రాత్రి ఇషా నమాజులో షుక్ర్ చేసుకున్నాము.

అల్లా అమ్జద్ గారిని, ఆ తల్లిని, ఆ ఇల్లాలిని, ఆ బిడ్డను ఒక్కచోట కలిపి ఉంచుగాక. మన ఊళ్ళల్లో తండ్రి లేని పిల్లలందరికీ తోడుగా నిలిచే బుద్ధిని మన సొసైటీ సభ్యులందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.